పెర్సిమన్ పళ్లూ, మా అత్తాకోడళ్ల తిట్లూ

నవ్వుతూ అమ్మితే మా లైవ్ వీడియోను దాచేస్తారు, కొట్లాడితే దేశమంతా చూపిస్తారు. ఇదీ మీ యాప్ మాకు చేసిన పాపం.

చైనాలోని షాన్షీలో మా పెరట్లో నేనూ, మా అత్తా పెర్సిమన్ పళ్లు ఒలిచి, దండలు కట్టి ఎండబెట్టి అమ్ముతాం. కబుర్లాడుకుంటూ ఒలిస్తే చూసింది పదకొండు మంది. ఓ రోజు తొక్క మందంగా తీశానని అత్త అరిస్తే, మీ యంత్రం మా లైవ్‌కి ముప్పై వేల మందిని తోలింది.

అప్పట్నుంచీ రోజూ దొంగ కొట్లాటే.

"తిట్టవే ఛ్యావ్‌మెయ్, జనం జారిపోతున్నారు!" అని అత్తే గొణిగేది.

"తిట్లు అయిపోయాయత్తా!"

"ఏదో ఒకటి అను, మొద్దుమొహమా!"

నిన్న అనేశాను. మొదటి మొగుణ్ణి వదిలి పారిపోయి వచ్చానని అత్త ఓసారి, పళ్లు ఒలుస్తూ నాకొక్కదానికే చెప్పుకుంది. లైవ్‌లో అదే ఆమె మొహాన కొట్టాను.

లక్ష మంది వచ్చారు. సరుకంతా అమ్ముడైంది. అత్త కత్తి కింద పెట్టి కూతురింటికి వెళ్లిపోయింది.

ఆదివారం ఆమె కాళ్లు పట్టుకోవడానికి వెళ్తున్నాను. నా మాట నమ్మదు. ఇన్నాళ్లూ మీ యాప్ ఆడించినట్టల్లా ఆడిన మనిషి, మీ మాటైతే నమ్ముతుంది. ఆ తిట్టు తిట్టించింది మీరేనని కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి. శనివారం సాయంత్రంలోగా అది నా చేతిలో ఉండాలి.