తొలి గ్లాసు

"బాబూ, ఒక్కపాలి ఆ మంచు ఆట పెడతావా?"

టీ హోటల్లో ఉన్నవాళ్ళంతా తల తిప్పి చూశారు.

అడిగిన మనిషికి అరవై దగ్గర పడుతున్నాయి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో లోడు ఎత్తుకుంటున్న ఒరిస్సా లారీతో వచ్చిన కాపలాదారు. ఫిబ్రవరి ఎండలో కూడా ఒంటి మీద స్వెట్టరు, కాళ్ళకు బూట్లు.

"మంచు ఆటేటి?" అన్నాడు హోటలు బాబ్జి విసుగ్గా.

"ఇటలీలో ఒలింపిక్సు అవుతన్నాయి కదా బాబూ. మనోళ్ళూ ఎల్లేరు. ఇప్పుడే మనోడి పోటీ."

"మంచులో మనోళ్ళేటి మామా! మనకి పుల్ల ఐసే ఎక్కువ" అన్నాడు బస్తాలు మోసే కళాసీ పరదేశి. అందరూ నవ్వారు.

టీవీలో పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. అదైనా కొత్తది కాదు, ఎప్పుడో గెలిచేసిన మ్యాచే మళ్ళీ వేస్తున్నారు. పొద్దుట వేలంపాటలయ్యాక బెల్లం దిమ్మలు మోసి మోసి ఒళ్ళు హూనమైన జనం. కొత్తగా ఏదైనా చూసే ఓపిక కూడా వాళ్ళకు లేదు.

బాబ్జికీ అలసటే. తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తాడు. తొలి గ్లాసు టీ దేవుడి పటాల పక్కన అలమరలో పెట్టాకే బేరం మొదలెడతాడు. మిలిటరీలో చేసి వచ్చిన అన్న త్రినాధరావు, సాయంత్రం ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చి ఆ టీ తీసి మొక్కకు పోస్తాడు. అది నూకాలమ్మ తల్లికి పెట్టే టీ అని మార్కెట్లో అందరి నమ్మకం.

పోరు పడలేక బాబ్జి ఛానెల్ మార్చాడు.

తెర నిండా తెలుపు. కాళ్ళకు పొడవాటి బద్దలు కట్టుకుని, చేతికర్రలు ఊనుకుంటూ మనుషులు మంచు మీద జారుతూ పోతున్నారు. గెలిచినవాడు అప్పుడే గెలిచేశాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే గీత దాటి కూలబడుతున్నారు.

"మనోడేడీ?" అన్నాడు పరదేశి.

"ఎనకున్నాడు. వత్తాడు."

ఎంతసేపటికీ రాలేదు. ఆ మనిషి ముందుకు వంగి, టీవీతోనే మాట్లాడడం మొదలుపెట్టాడు.

"కునుకు తియ్యకు తమ్ముడా. అదిగో, దీపాలు కనపడతన్నాయి."

"పట్టపగలు దీపాలేటి!" బాబ్జి తల కొట్టుకున్నాడు.

కాళ్ళు సలుపుతున్నాయేమో, ఆ మనిషి టీవీ మీంచి చూపు తిప్పకుండానే బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా లాగాడు.

పరదేశి బెంచీ మీంచి గెంతి లేచాడు.

రెండు పాదాలకూ ఒక్క వేలూ లేదు.

"మహారోగంరా!"

జనం గ్లాసులు అక్కడే వదిలేసి లేచిపోయారు.

"రోగం కాదు బాబూ, ఇది..."

చెప్పనిస్తే కదా!

"ఏదైతే నాకేటి? లే, లే. నా బేరం పోతాది."

"ఒక్క నిమిసం. మనోడింకా రాలేదు."

"ఆకరోడి కోసం అంత ఇదేటి?"

"ఆకరోడైనా రావాల కదా బాబూ. ఆడి కోసం ఎవుడో ఒకడు సూత్తుండాల."

బాబ్జి ఠక్కున క్రికెట్ పెట్టేశాడు.

ఆ మనిషి మెల్లగా బూట్లు తొడుక్కున్నాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

"పోనీ, కాసింత టీ ఇయ్యి."

"అయిపోయింది."

"అదుంది కదా" అని అలమర వైపు చెయ్యి చాపాడు. "సల్లారినా పరవాలేదు."

"అది నీలాంటోళ్ళకి కాదు!"

లారీ హారన్ మోగింది. ఆ మనిషి కుంటుకుంటూ బయటికి నడిచాడు.

"మనోడు సేరితే అదే సాలు" అని గొణుక్కోవడం మాత్రం వినిపించింది.

సాయంత్రం త్రినాధరావు వచ్చాడు. అలవాటు ప్రకారం అలమరలోని గ్లాసు తీసి మొక్క వైపు నడిచాడు.

"ఇయ్యాల ఓ తిక్కలోడు వచ్చేడన్నా" అన్నాడు బాబ్జి. "టీవీలో మంచు మీద పోయేవోడితో మాటలు! 'కునుకు తియ్యకు తమ్ముడా, దీపాలు కనపడతన్నాయి' అంటాడు."

త్రినాధరావు ఆగిపోయాడు.

"మళ్ళీ అను."

బాబ్జి మళ్ళీ అన్నాడు.

"మనిసి ఎలాగున్నాడు?"

"కుంటుతన్నాడు. కాళ్ళకి ఒక్క ఏలూ లేదు. రోగమని లేపేసేను."

త్రినాధరావు గ్లాసుతోనే బెంచీ మీద కూలబడ్డాడు.

"సియాచిన్‌లో నన్ను ఈపున ఏసుకుని మోసినోడు దారంతా అదే మాట అన్నాడురా. దీపాల్లేవు, ఏటీ లేవు. నేను నిద్దరోతే సచ్చిపోతానని అలాగన్నాడు."

అన్నను ఎవరో మోసుకొచ్చారని బాబ్జికి తెలుసు. ఆ మాట మాత్రం అన్న ఎప్పుడూ చెప్పలేదు.

"ముకానికి ముసుగు. సూళ్ళేకపోయేను. నన్ను క్యాంపులో దించేసి, మిగిలినోళ్ళ కోసం మళ్ళీ మంచుకొండ ఎక్కేసేడు" అన్నాడు త్రినాధరావు. తన కాలి పది వేళ్ళ వైపూ చూసుకున్నాడు. "నా కాళ్ళు తడిసిపోయేయని, తన మేజోళ్ళు ఇప్పి నాకు తొడిగేడురా."

బాబ్జి హైవే దాకా పరిగెత్తాడు. టార్పాలిన్లు కప్పుకున్న లారీలు వరసగా పోతున్నాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

ఒగరుస్తూ తిరిగి వచ్చాడు.

"పేరేటన్నాడు?" అన్నాడు త్రినాధరావు.

"అడగలేదన్నా."

ఆ మనిషి ఎప్పటికైనా వస్తే ఇవ్వాలని ఇన్నేళ్ళుగా రోజూ తీసిపెడుతున్న తొలి గ్లాసు, ఆ మనిషే చెయ్యి చాపి అడిగిన గ్లాసు, త్రినాధరావు చేతిలో మీగడ కట్టి అలాగే ఉంది.