వేరు పడిన రోజు

"అంత పెద్ద కుండీ తెచ్చావేంటే? ఆఫ్రికన్ వయొలెట్‌కి ఇరుకిల్లే ఇష్టం. టీ కప్పంత చాలు."

కోడలు నాలుక కరుచుకుని చిన్న కుండీలు రెండు తెచ్చింది. ఇద్దరూ కొత్త బట్టలతోనే వంటింట్లో పేపరు పరుచుకుని కూర్చున్నారు.

"మూడింటికి కారొస్తుంది అత్తయ్యా. రిజిస్ట్రారు మనకోసం కూర్చోడు."

"కూర్చోకపోతే పడుకోమను. ఇది కానిదే నేను లేవను."

ఆ మొక్క అత్తగారి కొడుకు తెచ్చింది. అతను పోయిన ఈ నాలుగేళ్లలో అదే కుండీలో రెండు తలలు మొలిచాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ పూయడమే మానేశాయి. ఇంట్లో మిగిలిందీ అత్తాకోడళ్లిద్దరే. అలాంటి ఇంటికి గడియారాలు బాగుచేసే ఆయన రావడం మొదలుపెట్టాడు. ఏ జబ్బూ లేని గోడ గడియారాన్ని నెలకోసారి చూసిపోయేవాడు. "వైద్యం గడియారానికా, మనిషికా?" అంది ఎదురింటావిడ. పెళ్లి మాట బయటికొచ్చాక వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది.

అత్తగారు చిక్కుపడ్డ వేళ్లను పుల్లతో ఒక్కొక్కటే విడదీస్తోంది.

"వేరు చేస్తే చచ్చిపోవూ?" కోడలు కళ్లు ఒత్తుకుంటూ అడిగింది.

"చావవే. వారం రోజులు తలలు వాల్చేస్తాయి, తర్వాత అవే తేరుకుంటాయి. నీళ్లు మాత్రం కింద పళ్లెంలో పొయ్యాలి. ఆకు తడిస్తే మచ్చ పడుతుంది."

"మీరు లేకుండా నాకేం తోచదు అత్తయ్యా."

"నాకు మాత్రం తోచి చస్తుందా? నువ్వు ఊఁ అన్నావు కాబట్టే ఇంతదాకా వచ్చింది. పెళ్లిపూట ఏడుపేంటి?"

"నేనెక్కడ ఏడుస్తున్నా? మీరే ఏడుస్తున్నారు."

నిజమే. ఆకు మీద కన్నీళ్లు పడకుండా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇన్నేళ్లూ వేరు పడటమంటే విడిపోవడమే అనుకున్నానే, పిచ్చిదాన్ని. మొక్కకైతే వేరు పడటమంటే బతికి బట్టకట్టడం."

ఒక కుండీ కిటికీలోకి చేరింది. రెండోది సంచిలోకి. కింద హారన్ మోగింది. అత్తగారు గోడమీది కొడుకు ఫొటో చూస్తూ ఉండిపోయింది.

"వాడుంటే ఏమనేవాడో!"

"ఏమంటారు? మనకంటే ముందే వెళ్లి కార్లో కూర్చునేవారు."

అత్తగారు చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. హారన్ మళ్లీ మోగింది.

కోడలు ఆ తడి చేతులను తువ్వాలుతో తుడిచి, వదలకుండా పట్టుకుని, కన్నీళ్లలోనే నవ్వేసింది.

"మీ పెళ్లికి మీరే ఆలస్యమైతే ఎలా అత్తయ్యా?"