కుడికాలు బ్యాచ్

ఆ మేడమీది గదికి జనం నిటారుగా నడుచుకుంటూ ఎక్కి, కుంటుకుంటూ దిగుతున్నారట. ఎదురింటి తిరుపతమ్మ కూరగాయల బండి దగ్గర ఈ సంగతి చెప్పిందనీ, రేపో మాపో పోలీసుల చెవిన కూడా వేస్తుందనీ పాలవాడు మోసుకొచ్చేసరికి, ప్రసన్నకుమార్ గుండె జారి అరికాల్లోకొచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దేనికి లేదు కోచింగ్? గ్రూప్స్‌కుంది, బ్యాంకుకుంది, ఇంగ్లీషు మాట్లాడ్డానికుంది. ప్రసన్నకుమార్ కుంటడానికి పెట్టాడు. గుంటూరు నుంచి వచ్చి, ఫిజియోథెరపీ రెండో ఏట చదువు ఎగ్గొట్టిన ఘనుడు. గుమ్మానికి ‘పాద చికిత్సా కేంద్రం’ అని బోర్డు. లోపల తొమ్మిదిమంది శిష్యులు. వికలాంగుల సర్టిఫికెట్ కొట్టడం లక్ష్యం. దొంగకుంటు అన్న మాట మాత్రం సారు నోట రాదు. గోడలకు చెవులుంటాయి కదా. ‘సాధన’ అంటాడు.

“చూడండి,” అని కుడి ప్యాంటు పైకి మడిచేవాడు. “మోకాలి కింద, ముందువైపు, ఎముక పక్కన కండరముందే, పాదాన్ని పైకి లేపేది అదే. దాన్ని నిద్రపుచ్చాలి. చీలమండ దగ్గర కీళ్లు రెండు. పైది పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది, దాని కిందది పక్కలకు వంచుతుంది. రెండూ సడలాలి. డాక్టరు గిల్లినా గుచ్చినా బొటనవేలు లేపకూడదు. లేపారో, చీలమండ ముందు తాడులా పొంగుతుంది. కొంప కొల్లేరే!”

ఆటో నడిపే సాయినాథ్ వేలు ఒక్క నిమిషం ఆగేది కాదు. “దోమ కుట్టింది సారూ,” అనేవాడు.

ఆగేది ఒక్క మట్టయ్యకే. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఎల్‌బీనగర్‌లో ఉంటున్న తాపీమేస్త్రీ. గుండుసూది గుచ్చినా అతని పాదం కొక్కేనికి తగిలించిన చొక్కాలా వేలాడేది. మెట్లెక్కేటప్పుడూ సాధన మానడు. అందరూ సారును చూసి కుడికాలు పట్టుకుంటే, అతను ఎడమకాలు పట్టుకున్నాడు. సొంత తెలివి!

“ఎట్ల చేస్తున్నవే అన్నా?” అని సాయినాథ్ కుళ్లుకునేవాడు.

“సారు లేపకు అన్నడు. లేపుతలేను,” అనేవాడు మట్టయ్య.

శుక్రవారం దవాఖానలో సర్టిఫికెట్ల క్యాంపు. ఒక్కడైనా గట్టెక్కితే సారు బోర్డు నిలుస్తుంది. లేకుంటే పోలీసులదాకా ఎందుకు, శిష్యులే ఆయన చీలమండలు విరిచి చేతిలో పెడతారు.

మధ్యాహ్నానికి ఎనిమిదిమంది తిరిగొచ్చారు. ఒక్కడూ కుంటడం లేదు.

“ఏమైందిరా?”

“ఏమైతది!” సాయినాథ్ చెప్పు తీసి చేతపట్టుకున్నాడు. “అందరిది కుడికాలే, అందరిది ఒక్కటే ఒంపు. ‘మీరంత ఒక్క లారీ కిందనే పడ్డరా’ అని డాక్టర్ నవ్విండు. అరికాళ్లకు చక్కిలిగిలి పెట్టిండు. ఎనిమిది పాదాలు లేచినయ్!”

చెప్పు గాల్లోకి లేచిన క్షణానే, మట్టయ్య కాలీడ్చుకుంటూ లోపలికొచ్చాడు. చేతిలో డాక్టరు సంతకం పెట్టిన సర్టిఫికెట్.

చెప్పు కిందికి దిగింది. ప్రసన్నకుమార్ ఒక్క గెంతులో వెళ్లి మట్టయ్యను వాటేసుకున్నాడు. “స్టేట్ ఫస్టయ్యా నువ్వు! ఎడమకాలు ఎంచుకున్న రోజే అనుకున్నాను. చక్కిలిగిలికి కూడా లేపలేదా? ఆ యాక్టింగేంటో ఈ దద్దమ్మలకు కాస్త చెప్పు!”

మట్టయ్య కాగితం బల్లమీద పడేసి, కుర్చీలో కూలబడి, రెండు చేతులతో ఎడమకాలు ఎత్తి సారు ముందు పెట్టాడు.

“యాక్టింగ్ ఏంది సారూ? గోడ కడుతుంటె పరంజా మీదికెళ్లి పడ్డ, మూడేండ్ల సంది గీ పాదం లేస్తలేదు, బోర్డు చూసి వైద్యానికొచ్చిన. రెండు నెలల సంది లేపకు లేపకు అని పథ్యం పెడుతున్నరు, లేపమని ఎప్పుడంటరు?”