ఒంటిపూట ఉద్యోగం

"ఒంటిపూట పనైతే చేస్తానమ్మా. మధ్యాహ్నం నుంచి నాకు వేరే పనుంది."

ఇంటర్వ్యూకి వచ్చిన నెరిసిన గడ్డం ఆయన ఆ మాట అనేసరికి ఇంజనీరమ్మాయికి చిర్రెత్తింది.

అసలే కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. ఆసుపత్రి రికార్డులకి కొత్త ప్రోగ్రాము రాయాలి. పదిహేనేళ్ళు నిలవాలి. ఏ భాష, అందులో ఏ వెర్షన్, ఏ డేటాబేస్ అన్నది శుక్రవారంలోగా ఆమే తేల్చాలి. ఇది గట్టెక్కితేనే తన ఉద్యోగం ఖాయం.

"ఏం పనండీ అది?"

"చిన్న మరమ్మతులు. జీతం ఉండదు."

"సంఘసేవన్నమాట, బాబాయ్‌గారూ" అన్నాడు పక్కనున్న సహోద్యోగి.

ఆయనా నవ్వాడు. బోర్డు మీద ఆమె రాసుకున్న జాబితా చూశాడు.

"సరికొత్త వెర్షన్ వద్దమ్మా. దాని ముందుది తీసుకో."

"పాతదెందుకండీ?"

"అది అందరూ నడిచిన దారి. గుంటలెక్కడున్నాయో తెలుసు."

నిజమేననిపించింది.

"ప్రోగ్రాముని డేటాబేస్‌తో కలిపే ఈ టూల్‌ని ఎందుకు ఎంచుకున్నావు?"

"ఉచితం. ప్రపంచమంతా అదే వాడుతోంది. వెనక పెద్ద బృందమే ఉండుంటుంది."

"ఎంతమందో చూశావా?"

"చూసేదేముందండీ?"

"తినేవాళ్ళు వెయ్యిమందైనా, వంటింట్లో ఎంతమందున్నారో చూడాలమ్మా."

"బాబాయ్‌గారికి ఆకలేస్తున్నట్టుంది" అన్నాడు సహోద్యోగి.

ఆయన వెళ్ళాక కాగితం మీద ఆమె రాసింది: 'రెండు పడవల మీద కాళ్ళు. వద్దు.'

వెర్షన్ మాత్రం ఆయన చెప్పిందే పెట్టింది. టూల్ మార్చలేదు. శుక్రవారం ఆఫీసు పెద్దాయన జాబితా చూసి తలూపాడు. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

మూడు నెలలకి ఆసుపత్రి నుంచి ఫోన్.

ఇద్దరు నర్సులు ఒకే క్షణంలో ఒకే రోగి రికార్డులో మందులు నమోదు చేస్తే, ఒకరు రాసింది మాయమవుతోంది.

రెండు రోజులు తిండీ నిద్రా లేకుండా వెతికింది. తప్పు తన ప్రోగ్రాములో లేదు, ఆ టూల్‌లో ఉంది.

సరిచేయమని టూల్ వాళ్ళకి రాసింది. జవాబు లేదు. మళ్ళీ రాసింది. లేదు.

"ఆసుపత్రి వాళ్ళు పాత కాగితాలకే పోతామంటున్నారు. నువ్వు సర్దలేవా?" అన్నాడు పెద్దాయన.

"లోపల చెయ్యి పెట్టాలంటే భయంగా ఉంది సార్. దాని ఆనుపానులు తెలిసినవాళ్ళు కావాలి."

"వాళ్ళ బృందంలో ఎవర్నైనా పట్టుకో అక్కా. అందరూ ఒకేసారి చావరుగా" అన్నాడు సహోద్యోగి.

అప్పుడు తెరిచింది ఆ టూల్ వెబ్‌సైట్‌లో బృందం పేజీ.

ఉన్నది ఒక్కటే ఫొటో, నెరిసిన గడ్డంతో, దాని కింద నెల క్రితం రాసిన నాలుగు ముక్కలు: "పన్నెండేళ్ళుగా మధ్యాహ్నాలన్నీ దీనికే ఇచ్చి ఒక్కణ్ణే చూసుకున్నాను, ఒంటిపూట ఉద్యోగం ఎక్కడా దొరకలేదు, రేపటి నుంచి గిడ్డంగిలో రోజంతా పని, దయచేసి దీన్ని ఎవరైనా అందుకోండి."