అమ్మాయి పెట్టిన రహస్యపు మాట

రాత్రి షట్టర్ సగం దించి, రంగుల కొట్టు యజమాని ఒక్కడే డబ్బాలు సర్దుకుంటుండగా ఫోన్ మోగింది. కొత్త నంబరు. గొంతు మాత్రం కూతురిది.

"నాన్నా, నా ఫోన్ పోయింది. నీకో ఓటీపీ వస్తుంది, తొందరగా చెప్పు."

ఆయనకు నవ్వొచ్చింది. మనిషి గొంతును అచ్చుగుద్దినట్టు దించేయడాన్ని వాయిస్ క్లోనింగ్ అంటారనీ, ఓటీపీ ఇవ్వడమంటే ఇంటి తాళంచెవి ఇచ్చేయడమేననీ పోయిన వారమే కూతురు కూర్చోబెట్టి నేర్పింది. అనుమానమొస్తే అడగమని ఒక రహస్యపు మాట కూడా ఆమే పెట్టింది.

"అలాగే తల్లీ. ముందు మన మాట చెప్పు."

అవతల వెంటనే ఫోన్ కట్టయింది.

ముప్పై ఏళ్లుగా కొట్టు మీద కూడబెట్టిందంతా ఆ ఓటీపీతో తెరుచుకునే బ్యాంకు ఖాతాలోనే ఉంది. బిల్లు చీటీ చూడనిదే డబ్బా వదలని మనిషి, మాట విననిదే డబ్బు వదులుతాడా? గర్వంగా కూతురి అసలు నంబరు తనే నొక్కాడు. రెండో రింగుకే ఎత్తింది.

"నీ పాఠం పనికొచ్చిందే! దొంగకి చుక్కలు చూపించా."

"శభాష్ నాన్నా! బేరాల్లోనూ నువ్వింతేగా, జిడ్డు!" పకపకా నవ్వింది. అదే నవ్వు, నవ్వు చివర అదే చిన్న దగ్గు. "ఇంతకీ వాణ్ణి ఏ మాట అడిగావు?"

చెప్పబోయి ఆగాడు. ఆ మాట పెట్టిందే కూతురు కదా.

"నువ్వే చెప్పు తల్లీ."

నవ్వు ఆగిపోయింది. ఫోన్ మాత్రం కట్టవ్వలేదు. అవతల ఎవరో మెల్లగా ఊపిరి తీస్తున్నారు.

"నామీదే అనుమానమా నాన్నా?"

ఫోన్ పోయిందన్న మాట ఒక్కటే నిజమైతే, కూతురి నంబరు కూడా ఇప్పుడు దొంగ చేతిలోనే ఉన్నట్టు. తెల్లారినా సరే, ఆ మాట ముందు అటువైపు నుంచే రావాలి.

"చెప్పు తల్లీ" అన్నాడు మళ్లీ.