ఆరో దగ్గు

రెండో కీర్తన మొదలవగానే నెల్లీ హేగ్‌కు దగ్గు వచ్చింది. వచ్చిందేమిటి, తెచ్చుకుంది.

"ఈ నెలంతా ఊళ్లో ఇదే దగ్గమ్మా!" అని పాస్టరుగారు విసుక్కున్నారు.

ముందు బల్ల మీంచి ముసలి హెట్టీ వెనక్కి తిరిగింది. "కాసేపు బయట తిరిగి రావే పిల్లా. తొందరేం లేదు, ఇవాళ ప్రసంగం ముప్పావుగంట!"

చర్చి దాటగానే నెల్లీ దగ్గు మాయమైంది. గౌను అంచు ఎత్తిపట్టుకుని హెట్టీ ఇంటివైపు ఒకటే పరుగు.

రేపు హెట్టీ ఊరొదిలి చెల్లెలి ఇంటికి వెళ్లిపోతోంది. ఎల్లుండి కొత్త రోడ్డు కోసం ఆమె పెరడు మీదికి యంత్రాలొస్తాయి. యార్క్‌షైర్ మొత్తం గాలించినా అంత ఎర్రటి, పుల్లటి రూబార్బ్ కాడలు ఇంకో పెరట్లో దొరకవు. హెట్టీ వాళ్లమ్మ అప్పటి పాస్టరుగారి తోటలోంచి అడక్కుండా పెరుక్కొచ్చిన మొక్కట అది. హెట్టీ ఆ సంగతి గొప్పగా చెప్పుకునేది కూడా.

నెల్లీకి అత్తగారు నాటుకోమని ఇచ్చిన రెండు రూబార్బ్ దుంపలూ కుళ్లిపోయాయి. "మన పెరటి రూబార్బ్ తినే యోగం నాకు ఈ జన్మకి లేదులే," అని మొగుడు రోజూ దెప్పుతున్నాడు. ఆ పోరు పడలేక ఒక్క దుంప ఇమ్మని హెట్టీని మూడుసార్లు అడిగింది.

"ఇవ్వను గాక ఇవ్వను. యంత్రం తొక్కితే తొక్కనీ!" అంది హెట్టీ. ఎంత కుళ్లు!

ఎప్పుడూ కీచుమనే గేటు ఇవాళ కిక్కురుమనలేదు. ఊరందరి మీదా పడే కుక్క ఎముక కొరుక్కుంటూ తలైనా ఎత్తలేదు. పార పాదులోనే గుచ్చి ఉంది. అదృష్టమంటే ఇదే అనుకుంది నెల్లీ.

తీరా చూస్తే ఐదు పాదులు ఖాళీ. మిగిలింది ఒక్క దుంప! ఎవరికీ దక్కకూడదని తనే తవ్వి పారేస్తోందన్నమాట.

"నీ దుంపతెగ, ముసలీ!" అని తిట్టుకుంటూ పార దించింది. తడిపి ఉంచిన నేల ఇట్టే వదిలేసింది. పసిపిల్లంత బరువున్న దుంపను శాలువాలో చుట్టి ఇంటికి పరిగెత్తింది. ముందే తవ్వుకున్న గోతిలో నాటి, మొగుడు మిల్లు నుంచి తెచ్చిన ఉన్ని చెత్త ఎరువుగా వేసి తొక్కింది. చేతులు కడుక్కునే తీరికేదీ? ఆ మట్టి మీదే చేతి తొడుగులు వేసుకుని, చివరి కీర్తనకి వగరుస్తూ వచ్చి పడింది.

ప్రార్థన అయ్యాక గుమ్మంలో హెట్టీ దారి కాచింది. నెల్లీకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"దగ్గు తగ్గిందా?"

"త... తగ్గింది పిన్నీ."

"మట్టి గట్టిగా తొక్కావా?"

నెల్లీ చేతులు రెండూ గబుక్కున వెనక్కి దాచుకుంది.

హెట్టీ ఆమె చెవి దగ్గరికి వంగింది. "చేత్తో ఇచ్చిన రూబార్బ్ ఎక్కడా బతకదనే గదే పిచ్చిమొహమా, మీ ఆరుగురి చేతా పిసినారి ముసలి అనిపించుకుంటూ, నెల రోజుల్నించీ ఆ గేటుకి నూనె రాసి చస్తున్నాను!"