బండి మీద మధ్యలో

"దెబ్బ తగిలాక కాళ్లు కదిలాయా?" అని అడిగింది డాక్టరమ్మ. వెన్ను విరిగినవాళ్ల మీద పరిశోధన చేస్తూ, ఆ రాజమండ్రి ఆసుపత్రిలో మంచం మంచానికీ తిరిగి జవాబులు రాసుకుంటోంది.

"కదలకేమండి! రొయ్యల చెరువు గట్టు తగువులో పక్క చెరువోడు గునపంతో నడుం మీద కొట్టాడు. కిందపడి కూడా ఆడి మూతి మీద తన్నాను. రెండు పళ్లు రాలాయి" అన్నాడు, నెల్లాళ్లుగా లేవలేని పల్లంరాజు.

"మరి ఎప్పుడు చచ్చుబడ్డాయి?"

పల్లంరాజు చేత్తో చూపిస్తూ చెప్పాడు.

"మా తమ్ముడు తాతాజీ నన్ను లేపి మోటారుబండెక్కించాడండి. ముందు తమ్ముడు, మధ్యలో నేను, ఎనకాల పట్టుకుని మా బావ. గతుకుల్లో ముందుకి ఒంగిపోయాను. టౌను వచ్చేసరికి కాళ్లు ఉన్నట్టే తెలీలేదు."

డాక్టరమ్మ స్కానింగు ఫిల్ము వెలుతురుకెత్తి చూసింది.

"గునపం ఎముకని మాత్రమే విరిచిందండి. కదపకుండా బల్ల మీద పడుకోబెట్టి తెచ్చుంటే నడిచేవారు. లోపల వెన్నుపాము నలిగింది బండి మీదే."

వార్డు తలుపు ధడాలున తెరుచుకుంది. తాతాజీ వచ్చాడు. చొక్కా నిండా నెత్తురు, తనది కాదు.

"అన్నయ్యా, నీ కాళ్లు తీసేసినోడి కాళ్లు రెండూ నరికేశాను!" అంటూ మంచం దగ్గర కూలబడి, అన్న పాదాలు రెండూ పట్టుకుని బావురుమన్నాడు.

ఆ పాదాలకి ఆ పట్టు తెలియలేదు. పల్లంరాజు తమ్ముడి తల మీద చెయ్యి వేసి, డాక్టరమ్మ వైపు తిరిగి, తమ్ముడికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఆ బండి సంగతి కొట్టేయండి డాక్టరు గారూ. గునపంతోనే పోయాయని రాయండి."